నేరం నీ ప్రోగ్రాములోనే ఉంది

ఇండూరు,
ధర్మపురి జిల్లా, తమిళనాడు,
12 జూన్ 2004

చిరంజీవి వేదవల్లికి,

మామ గోపాలసామి రాసేది. ఇక్కడ అందరం బాగున్నాం. నువ్వు హైదరాబాదులో సరిగా తినడం లేదని మీ అమ్మ ఫోనులో బాధపడింది. తిను.

నేను నీకు ఉత్తరం రాసి రెండేళ్ళయింది. నాకు రోజూ నోటుబుక్కులో రాసుకునేదే సరిపోతుంది. కరెంటు ఎప్పుడు వచ్చింది, ఎప్పుడు పోయింది, బావిలో నీళ్ళు ఎన్ని మెట్లు దిగినాయి, అంతే. ఇరవై మూడేళ్ళ బుక్కులు అటక మీద ఉన్నాయి. మా పెండ్లి రోజు వాటిలో ఉందా అని ఒకసారి మీ అత్త అంజలై అడిగింది. తీసి చూపించినాను. ఆ రోజు కరెంటు లేదు అని ఉంది. మీ అత్త ఇప్పటికీ ఆ మాట వచ్చినవాళ్ళందరికీ చెబుతుంది.

సంగతి ఏమంటే, నేను సరదాకు ఒక పెట్టె చేస్తున్నాను. రేడియోలు బాగుచేసినట్టే ఇదీ పుస్తకాలు చూసి నేర్చుకుంటున్నదే.

మన బావి నీకు గుర్తుందా? అరవై అడుగులు. స్టార్టరు పైన గదిలో ఉంది, మోటారు మాత్రం నలభై అడుగుల లోతున రాతిగట్టు మీద ఉంది. పైపు చివరి వాల్వులో ఆకులు ఇరుక్కుంటాయి. వారానికి ఒకసారి నీ చిన్నమామ మాదేశన్ దిగి తీస్తాడు. మూడు ఫేజుల కరెంటు ఎప్పుడొస్తుందో ఎవరికీ తెలియదు. వచ్చినప్పుడు మనిషి లేకపోతే ఆ పూట నీళ్ళు పోయినట్టే. అందుకని కరెంటు రాగానే తానే మోటారు వేసే పెట్టె కావాలి. కానీ మొదట మూడు నిమిషాలు గంట మోగాలి. బావిలో ఉన్నవాడు ఎక్కి వచ్చేయాలి. మాదేశన్‌కు రెండు నిమిషాలు చాలు. నాకు రెండున్నర.

మెయిన్ దించి దిగవచ్చు కదా అని అడుగుతావు. మెయిన్ ఒకటే, పక్క పొలం వాళ్ళకూ అదే. దించితే వాళ్ళు వచ్చి వేస్తారు. మా పద్ధతి వేరే ఉంది. దిగేవాడు తన తుండుగుడ్డను స్టార్టరు పిడికి కట్టి దిగుతాడు. తుండు ఉంటే ఎవరూ ముట్టరు. ఎద్దులతో కపిల తోలి నీళ్ళు తోడిన రోజుల్లో మా నాయన కాడికి కట్టేవాడు.

ఇప్పుడు నా ప్రశ్న. ఈ పెట్టెకు మైక్రోకంట్రోలర్ మంచిదా, ప్రోగ్రామబుల్ లాజిక్ మంచిదా? పత్రికలో రెండింటి గురించీ చదివినాను. నా మనసు లాజిక్ వైపు ఉంది. గేట్లు కాగితం మీద గీస్తే వేలు పెట్టి వైరు వెంట పోవచ్చు. ప్రోగ్రాములో వేలు ఎక్కడ పెట్టాలో నాకు తెలియదు. నువ్వు చదువుకున్నదానివి, ఏది చెబితే అది.

అవసరం లేదు. మెల్లగా ఆలోచించి రాయి.

ఇట్లు,
మామ గోపాలసామి

•

హైదరాబాద్,
24 జూన్ 2004

మామకు నమస్కారాలు.

అడిగింది మొత్తం అడిగి చివర "అవసరం లేదు" అని రాశారు. అవసరం లేనిది ఎందుకు అడిగారా అని అమ్మకు ఫోన్ చేశాను. అమ్మ నవ్వింది. "మీ మామ తొందర లేదంటాండాడు మే. మాకు అవసరం అంటే తొందర, అది అరవం మాట" అంది. నాన్న పంపిన ఓనమాల పుస్తకంతో మీరు తెలుగు రాత నేర్చుకున్నారు గానీ, ఏ మాట అరవమో ఏ మాట తెలుగో ఆ పుస్తకంలో లేదు కదా.

ఇక మీ ప్రశ్న. నేను ఆఫీసులో పరికరాల బోర్డులకు రోజూ ప్రోగ్రామబుల్ లాజిక్కే వాడతాను. అందుకే గట్టిగా చెబుతున్నాను, మీకు అది వద్దు. దానికి నలభై నాలుగు కాళ్ళు, వేరే సాకెట్టు, వేరే కేబులు. చిన్న చిప్పులో లెక్క దాచుకునే గదులు ముప్పై ఆరుంటాయి. మూడు నిమిషాలు లెక్కపెట్టడానికే పద్నాలుగు గదులు పోతాయి. మైక్రోకంట్రోలర్‌కు ఇరవై కాళ్ళు, మీ చేతికి అలవాటైన సైజు. మూడు నిమిషాలు దానికి ఒక లెక్కే కాదు. రేపు నాలుగు నిమిషాలు కావాలంటే ఒక అంకె మారిస్తే చాలు.

వేలు పెట్టి వెంట పోవడం సంగతి నాకు వదిలేయండి. ప్రోగ్రాము నేను రాసి, చిప్పులో ఎక్కించి, పోస్టులో పంపుతాను. మీరు సోల్డరు చేస్తే చాలు. మీ దగ్గర కరెంటు నిలకడ లేదు కాబట్టి సప్లైలో కెపాసిటర్లు పెద్దవి వేయండి, ఎంత పెద్దవైతే అంత మంచిది.

అత్తకు చెప్పండి, తింటున్నాను.

మీ
వేద

•

ఇండూరు,
18 జూలై 2004

చిరంజీవి వేదకు,

చిప్పు దూదిలో చుట్టి పంపినావు, ఒక కాలు కూడా వంగలేదు. పెట్టె తయారైంది. కెపాసిటర్లు రెండు వేసినాను, ఒక్కొక్కటి మీ అత్త ఉప్పుడబ్బా అంత ఉంది. గంట స్కూలు గంట. బావి అడుగు వరకు వినిపిస్తుంది.

నోటుబుక్కులోనుంచి నీకు కొంత రాస్తున్నాను.

జూలై 9. కరెంటు 6.10. గంట 3 నిమి. మోటారు.
జూలై 11. కరెంటు 1.35. గంట 3 నిమి. మోటారు.
జూలై 13. కరెంటు 2.20. గంట 1 నిమి 40 సె. రెప్పపాటు పోయి వచ్చింది. మళ్ళీ గంట 1 నిమి 20 సె. మోటారు. (నేను సరిగా చూడలేదేమో.)
జూలై 16. కరెంటు 11.05. గంట 3 నిమి. మోటారు.

మాదేశన్‌కు ఇది పెద్ద వేడుకగా ఉంది. గంట మోగగానే బావిలోనుంచి "వచ్చినా టీచర్" అని అరుస్తూ ఎక్కి వస్తాడు. వాడు చదివింది మూడో తరగతి. "ఆ పొద్దు స్కూల్లో గంట కొడితే బయటికి ఉరికేవాణ్ణి, ఈ పొద్దు అదే గంటకు పైకి ఉరుకుతాండా" అన్నాడు.

నాకు మాత్రం ఒకటి. పెట్టె తెరిచి చూస్తే ఆ నల్లటి చిప్పు ఏం ఆలోచిస్తున్నదో తెలియదు. ఇది ఫిర్యాదు కాదు.

ఇట్లు,
మామ

•

హైదరాబాద్,
30 జూలై 2004

మామకు,

మీ ఉత్తరం ఆఫీసులో పక్క సీటు ఆవిడకు చదివి వినిపించాను. మీ నోటుబుక్కు మా టెస్టు రిపోర్టుల కంటే బాగుందంది.

చిప్పు ఏమీ ఆలోచించదు మామా, లెక్కపెడుతుంది, అంతే. దాన్ని నమ్మండి. స్టార్టరు పిడితో ఇక పనే లేదు కాబట్టి చిన్నమామను తుండు తలకు చుట్టుకొని దిగమనండి, ఎండకు మంచిది.

దసరాకు వస్తే టీచర్‌కు నమస్కారం పెట్టి బావిలో నేనూ దిగుతాను.

మీ
వేద

•

ఇండూరు,
14 ఆగస్టు 2004

వేదకు,

ఎలా మొదలుపెట్టాలో తెలియక మూడు రోజులు ఊరుకున్నాను.

మాదేశన్ ధర్మపురిలో ఆసుపత్రిలో ఉన్నాడు. ప్రాణానికి భయం లేదు. ఎడమకాలు చీలమండ దగ్గర రెండు చోట్ల విరిగింది. కుడిచేతి రెండు వేళ్ళు నలిగినాయి. ఉంటాయో లేదో డాక్టరు ఇంకా చెప్పలేదు.

నోటుబుక్కులో ఉన్నది ఇది.

ఆగస్టు 11, బుధవారం. కరెంటు 10.42. గంట. 10.43 దాటి రెప్పపాటు పోయి వచ్చింది. మళ్ళీ గంట. 10.45 మోటారు.

మాదేశన్ చెప్పింది ఇది. గంట మోగగానే ఎక్కడం మొదలుపెట్టినాడు. సగం ఎక్కినాక గంట ఆగింది, వెంటనే మళ్ళీ మొదలైంది. "కరెంటు పోయి కొత్తగా వచ్చిందన్నా, ఇంకా మూడు నిమిషాలు ఉండాయి కదా అని స్పానరు కోసం మళ్ళా దిగితి" అన్నాడు. స్పానరు మోటారు పక్కన ఉంది. వాడు వంగి తీసుకుంటూ ఉంటే మోటారు తిరిగింది. చెయ్యి లాక్కొని వెనక్కి పడినాడు. కింద రాయి.

పై నుంచి నేను చూస్తూనే ఉన్నాను. మెయిన్ దించేలోపల అంతా అయిపోయింది. తుండు తలకు చుట్టుకొనే ఉన్నాడు. నీ ఉత్తరం నేను చదివి వినిపించినప్పటి నుంచి అలాగే దిగుతున్నాడు. ఆ తుండుతోనే చేతికి కట్టు కట్టినాము.

ఇప్పుడు ముఖ్యమైన మాట. పెట్టె విప్పి మొత్తం చూసినాను. నా పెట్టెలో నేరం ఎక్కడా లేదు. వైర్లు, రిలేలు, అంతే. నేరం నీ ప్రోగ్రాములోనే ఉంది. ఎంత నేరమో నువ్వే చూసి నాకు రాయి. మాదేశన్ కూడా ఆసుపత్రిలో అదే అడుగుతున్నాడు. "నేరం ఎంతని వేదను అడుగన్నా, నాకు తెలియాల" అన్నాడు.

మీ అమ్మకు ఇంకా చెప్పలేదు. గుండె బలహీనం, నువ్వూ చెప్పవద్దు.

ఇట్లు,
మామ

•

హైదరాబాద్,
24 ఆగస్టు 2004

మామకు,

మీ ఉత్తరం ఎన్నిసార్లు చదివానో లెక్కలేదు. మీరు అనవసరంగా ఒక్క మాట కూడా రాయరని నాకు తెలుసు. అందుకే ఇందులో ప్రతి మాటా బరువుగా ఉంది.

నేరం నాదే. ఒప్పుకుంటున్నాను. వేలు పెట్టి వెంట పోగలిగింది కావాలని మీరు మొదటే అన్నారు, నేను వినలేదు. తుండు మాట కూడా నేనే రాశాను. కానీ ఎంత నేరమో తూచి రాయమంటే నాకు చేతకాదు. ప్రోగ్రామును మూడు రాత్రులు వరుస వరుసగా చదివాను. మూడు నిమిషాలు మూడు నిమిషాలే. నాకు తప్పు కనిపించలేదు. కనిపించని తప్పును ఎలా దిద్దాలి?

చూడటానికి రావాలని టికెట్ తీసుకున్నాను. మళ్ళీ రద్దు చేసుకున్నాను. చిన్నమామ ముఖం చూడలేను.

ఆ చిప్పును తీసి పారేయండి. నన్ను ఇంకేదీ చేసిపెట్టమని అడగవద్దు.

వేదవల్లి

•

ఇండూరు,
6 సెప్టెంబరు 2004

చిరంజీవి వేదకు,

నీ ఉత్తరం అందింది. నేరం నాదే అని రాసినావు. చాలా సంతోషం. మాదేశన్‌కు చదివి వినిపించినాను. వాడికీ నెమ్మది అయింది. నేరం ఎవరో ఒకరు చూసుకోవాలి కదా. నా వల్ల కాదు.

చూడటానికి రాలేనని రాసినావు. ఆఫీసులో పని ఎక్కువని అర్థం చేసుకున్నాను. పరవాలేదు. మాదేశన్ ఇంటికి వచ్చేసినాడు. కాలికి పిండికట్టు ఉంది. ఒక వేలు తీసేసినారు, ఒకటి నిలిచింది.

చిప్పును పారేయమన్నావు, అది మాత్రం కుదరదు. వేరుశెనగ కాయ పట్టే దశలో ఉంది. ఇరవై రోజులుగా నేను, మీ అత్త వంతులు వేసుకొని మోటారు గదిలో పడుకుంటున్నాము. నాలుగు సార్లు కరెంటు వచ్చి పోయింది, మాకు మెలకువ రాలేదు. పెట్టెను బావిలో పారేస్తానని మీ అత్త అంటున్నది. "దాంట్లో పారేస్తే వాల్వులో ఇరుక్కుంటుంది వదినా, మళ్ళా నేనే దిగాల" అని మాదేశన్ అన్నాడు. ఆ రోజు మీ అత్త కొంచెం నవ్వింది.

27వ తేదీ సోమవారం వాల్వు తీయక తప్పదు. ఈసారి నేను దిగుతాను. నాకు ఈ మధ్య మోకాళ్ళు బాగాలేవు. మూడు నిమిషాల నేరం చాలదు. ఐదు నిమిషాల నేరం పెట్టి కొత్త చిప్పు పంపు. రాకపోతే పాతదే పెట్టుకొని దిగుతాను. పక్క పొలం వాళ్ళు మెయిన్ మీద చెయ్యి వెయ్యకుండా మీ అత్తను పైన నిలబెడతాను.

ఇట్లు,
మామ

•

హైదరాబాద్,
21 సెప్టెంబరు 2004

మామా,

ఇది కొరియర్‌లో పంపుతున్నాను. 27లోపు అందుతుందో లేదో అని నిన్న మీ ఎదుటి శెట్టి కొట్టుకు కూడా ఫోన్ చేశాను. "వేద పెట్టె తగిలించవద్దంది" అని మీకు చెప్పమన్నాను. మొదట ఒక మాట ఇస్తే తప్ప మిగతాది చదవకండి. పాత చిప్పుతో బావిలో దిగకండి.

మీ ఉత్తరం 11న అందింది. నేరం నాదని ఒప్పుకుంటే మీకు చాలా సంతోషం, చిన్నమామకు నెమ్మది. చదివి ఉత్తరాన్ని సంచిలో పెట్టేశాను, ఇక జన్మలో రాయకూడదనుకున్నాను. చవితికి అనంతపురం వెళ్ళాను. అమ్మకు నేను సరిగా లేనని తెలిసిపోయింది. మీరు చెప్పవద్దన్నా చెప్పేశాను. అమ్మ గుండె బాగానే ఉంది, మీ మీద కోపంగా ఉంది.

అమ్మకు తెలుగు చదవడం రాదని మీకు తెలుసు, ఇండూరులో ఆమె చదివింది అరవం బడి. అందుకని ఉత్తరాలు రెండూ నేను పైకి చదివాను. నా గొంతులో కోపం ఉంది. "నేరం నీ ప్రోగ్రాములోనే ఉంది" అని చదివితే అమ్మ తల ఊపింది. "అవునా కాదా మే, నువ్వే కదా రాసినావు" అంది. నేను ఏడ్చాను. అమ్మకు అర్థం కాలేదు. "మూడు నిమిషాల నేరం చాలదు, ఐదు నిమిషాల నేరం పెట్టు" దగ్గర వెనక్కి వెళ్ళి మళ్ళీ చదివాను. ఐదు నిమిషాల నేరం ఏమిటి?

అప్పుడు అమ్మ అంది, "నేరం అంటే టైము మే. పొద్దున్నే మా యమ్మ 'నేరమయింది లేయండి' అని మమ్మల్ని లేపేది."

మా వైపు నేరం అంటే ఏమిటో మీకు తెలుసా మామా? తప్పు, దోషం. కోర్టులో శిక్ష వేసేది. మీ పెట్టెలో టైము ఎక్కడా లేదు, టైము నా ప్రోగ్రాములోనే ఉంది, ఎంతో చూసి రాయి అని మీరు అడిగారు. మీ పెట్టెలో దోషం లేదు, దోషం నా ప్రోగ్రాములోనే ఉంది, ఎంత దోషమో చూసి రాయి అని నేను చదివాను. నెల రోజులు అలాగే చదివాను. అవసరం అన్న మాట తేడాగా ఉంటే ఆ రోజే అమ్మకు ఫోన్ చేశాను. ఈ మాటకు చేయలేదు. ఎందుకంటే ఇది నాకు సరిపోయిందనిపించింది.

ఇంతటితో అయిపోతే నవ్వుకొనేవాళ్ళం. ఆ పూటే మీరు అడిగిన లెక్క చూడటానికి కూర్చున్నాను. మీ జూలై ఉత్తరం కూడా తెచ్చుకున్నాను. జూలై 13 చూడండి. 1 నిమిషం 40 సెకన్లు గంట, రెప్పపాటు, మళ్ళీ 1 నిమిషం 20 సెకన్లు. కూడండి, మూడు నిమిషాలు. ఆగస్టు 11, 10.42 నుంచి 10.45, మూడు నిమిషాలు. రెప్పపాటు కరెంటు పోయినప్పుడు గంట ఆగింది గానీ, చిప్పు ఆగలేదు. నేను వేయమన్న పెద్ద కెపాసిటర్లు దాన్ని బతికించాయి. కరెంటు పోయిందని దానికి ఎవరూ చెప్పలేదు. అది పాత లెక్కే సాగించింది. చిన్నమామ కొత్త గంట అనుకున్నాడు, ఎవరైనా అలాగే అనుకుంటారు. కరెంటు పోయిందా అని అడిగే వరుస నా ప్రోగ్రాములో లేదు. ఉన్న వరుసలన్నీ సరిగ్గానే ఉన్నాయి కాబట్టి మూడు రాత్రులు చదివినా నాకు కనిపించలేదు.

కాబట్టి నేరం నా ప్రోగ్రాములోనే ఉంది మామా, మీ అర్థంలోనూ, మా అర్థంలోనూ. జూలైలోనే మీరు రాసి పంపారు. నేను దాన్ని పక్క సీటు ఆవిడకు చదివి వినిపించి నవ్వాను.

మైక్రోకంట్రోలర్‌నే బాగు చేయవచ్చు, రెండు వరుసలు చాలు. కానీ మళ్ళీ మీరు నన్ను నమ్మాల్సి వస్తుంది. అందుకని ప్రోగ్రామబుల్ లాజిక్ పంపుతున్నాను, సాకెట్టుతో సహా. లోపల ఉన్నదంతా ఒక కాగితం మీద గీశాను. కరెంటు సెకనుకు యాభై సార్లు కొట్టుకుంటుంది. ఆ దెబ్బలనే ఇది లెక్కపెడుతుంది, పదిహేను వేలకు ఐదు నిమిషాలు. పద్నాలుగు గదులు పోతే పోనీ, ఇంకా ఇరవై రెండు ఖాళీ. ఎర్ర పెన్సిల్‌తో గీసిన వైరు చూడండి. అది కరెంటు ఉందో లేదో చూసే మీ ఫేజు రిలే నుంచి నేరుగా వచ్చి పద్నాలుగు గదులనూ సున్నా చేస్తుంది. కరెంటు రెప్ప వేస్తే లెక్క సున్నా. అడిగేవాళ్ళు లేరు, చెప్పేవాళ్ళు లేరు, వైరే. వేలు పెట్టి వెంట పోండి. ఎక్కడైనా వేలు ఆగితే తగిలించకండి.

ఇంకొకటి. తుండు చూస్తే అదేమిటో మనిషికి తెలుసు. పెట్టెకు తుండు కనిపించదు. కనిపించేలా చేయండి. పాత టెలిఫోను కొక్కెం ఉంటుంది కదా, బరువు పడితే దిగేది. దాన్ని స్టార్టరు కాయిలు వైరు మధ్యలో పెట్టండి, చిప్పుతో సంబంధం లేకుండా. దిగేవాళ్ళు తుండు దానికి తగిలిస్తే వైరు తెగాలి. చిప్పు ఏమనుకున్నా మోటారు తిరగకూడదు.

చిన్నమామకు ఇదంతా చదివి వినిపించండి. తర్వాత ఆయన ఏమన్నా నాకు రాయండి, ఏమన్నా సరే.

మీ
వేద

•

ఇండూరు,
4 అక్టోబరు 2004

చిరంజీవి వేదకు,

కొరియర్ 24న వచ్చింది. శెట్టి కొట్టు మాట కూడా వచ్చింది, కానీ "వేదకు పెట్టె వద్దంట" అని వచ్చింది. నువ్వు ఊరికి వస్తున్నావని, బట్టల పెట్టె సంగతేమోనని మీ అత్త రెండు రోజులు ఆలోచించింది.

నేరం గురించి నువ్వు రాసింది చదివినాను. యాభై ఏడేళ్ళుగా అది మన మాటే అనుకున్నాను. నేను రాసేదే తక్కువ. రాసిన రెండు మాటలు ఒక నెలపాటు నిన్ను అలా పెట్టినాయి.

మాదేశన్‌కు మొత్తం చదివి వినిపించినాను. "అయితే ఆ బిడ్డను నేను జైలుకు పంపించినానా అన్నా" అని నవ్వినాడు. తర్వాత గోడ వైపు తిరిగి పడుకున్నాడు. సాయంత్రం లేచి "టీచరమ్మను దసరాకు రమ్మని రాయి, వేళ్ళు తొమ్మిదైనా ఎక్కాలు మరిచిపోలేదని రాయి" అన్నాడు. వాడన్నది అంతే. ఇంకేమీ దాచలేదు.

నేరం నీదే అన్నావు, రెండు అర్థాల్లోనూ. జూలై 13న గంట తక్కువ మోగడం నేను నా కళ్ళతో చూసినాను. "నేను సరిగా చూడలేదేమో" అని బ్రాకెట్లో రాసినాను. ఇరవై మూడేళ్ళలో నేను బుక్కులో పెట్టిన బ్రాకెట్ అదొక్కటే. అది నీది కాదు, నాది.

నీ కాగితం మీద ఒక రోజంతా వేలు పెట్టి పోయినాను. ఎక్కడా ఆగలేదు. కెపాసిటర్లలో ఒకటి తీసేసినాను. మెయిన్ దించి ఎత్తి ఇరవై సార్లు రెప్పలు వేయించినాను. ఇరవై సార్లూ సున్నా నుంచే మొదలైంది.

తుండు సంగతి మాత్రం నువ్వు చెప్పినట్టు చెయ్యలేదు. మొదట చేసినాను. శెట్టి దగ్గర పాత ఫోను అడిగి కొక్కెం పెట్టి, తుండు తగిలిస్తే వైరు తెగేలా కట్టినాను. ఆ సాయంత్రం గాలికి తుండు జారి కింద పడింది. వైరు కలిసిపోయింది. బావిలో మనిషి ఉండి ఉంటే?

అందుకని తిప్పి కట్టినాను. తుండు కొక్కేనికి ఉంటేనే మోటారు తిరుగుతుంది. లేకపోతే తిరగదు. దిగేవాడు తుండును తీసి భుజాన వేసుకొని తనతో తీసుకుపోతాడు. గాలికి పడితే నీళ్ళు పోతాయి, మనిషి పోడు. తేలికగా ఉందని మీ అత్త దాని మూలకు ఒక పాత బేరింగు ముడివేసింది. భుజాన వేసుకుంటే ఎదకు తగులుతూ ఉంటుంది, మరిచిపోవడానికి లేదు. పక్క పొలం వాళ్ళకు కూడా చూపించినాను.

27న దిగినాను. మాదేశన్ కర్ర పట్టుకొని బావి అంచున కూర్చున్నాడు. మీ అత్త స్టార్టరు దగ్గర నిలబడింది. మెయిన్ దించవద్దని నేనే చెప్పినాను. ఆమె కొక్కెం మీది నుంచి కన్ను తియ్యలేదు. నేను వాల్వు తీస్తూ ఉండగా కరెంటు వచ్చింది. గంట మొదలైంది. పై నుంచి మాదేశన్ "ఎక్కి రా అన్నా, ఎక్కి రా" అని అరిచినాడు. ఎక్కలేదు. ఎక్కితే తుండు పని చేస్తుందో లేదో తెలియదు కదా. మోటారుకు దూరంగా, గోడకు ఆనుకొని కూర్చున్నాను. ఐదు నిమిషాలు ఇంత పొడుగని నాకు తెలియదు. గంట ఆగింది. మోటారు తిరగలేదు. మాదేశన్ అరవడం ఆపేసినాడు. పైన ఎవరో ఏడుస్తున్నట్టు వినిపించింది, మీ అత్త అయి ఉంటుంది. బేరింగును గుప్పిట్లో పట్టుకొని ఇంకా కాసేపు అక్కడే కూర్చున్నాను.

బుక్కులో ఉన్నది ఇది. బ్రాకెట్లు లేవు.

సెప్టెంబరు 27, సోమవారం. కరెంటు 11.06. గంట 5 నిమి. మోటారు లేదు. బావిలో నేను. 11.31 పైకి వచ్చినాను. మెయిన్ దించి ఎత్తి తుండు తగిలించినాను. గంట 5 నిమి. మోటారు. 11.38 కాలువలో నీళ్ళు.

దసరాకు రా. నేరం ఉంటే.

ఇట్లు,
నీ మామ